బఠాణీలు, కొన్ని సాంకేతిక కారణాలు

మా ఆయన మీద నాకో ఫిర్యాదుంది. రాతపూర్వకంగా ఇవ్వాలని ఎప్పట్నించో అనుకుంటున్నాను. ఎవరికివ్వాలో తెలియక ఆగాను, అంతే.

ఆయన రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చునే ఉద్యోగి. ఫలానా బండి ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందనీ, ఫలానా బండి ఆలస్యంగా నడుస్తోందనీ ఊరందరికీ చెప్పే గొంతు ఆయనదే. పొద్దున్నించి సాయంత్రం దాకా, తను నడపని బళ్ళ తరఫున, తను ముఖం చూడని డ్రైవర్ల తరఫున, "సాంకేతిక కారణాల వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని వినేవాళ్ళ గుండె కరిగేలా చెప్తారు. అదే ఇంట్లో కాలు తగిలి నీళ్ళ జగ్గు ఒలికిపోయిందనుకోండి, జగ్గు వైపు కోపంగా చూస్తారు. "దీన్నిక్కడ పెట్టిందెవరు?" అంటారు. పెట్టింది ఆయనేనని తేలితే, "ఏవో సాంకేతిక కారణాలు" అని లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా "నాదే తప్పు" అన్న ముక్క ఆ నోట నేను వినలేదు. నేను సరే, పరాయిదాన్ని. కన్నతల్లి కూడా వినలేదు.

"పుట్టడమే ఆలస్యంగా పుట్టాడమ్మా," అంటారు మా అత్తగారు. "మాటలొచ్చాక ఆ ఆలస్యం కూడా నా మీదికే నెట్టాడు."

గొంతు మాత్రం గొంతే. ఒప్పుకోవాలి. కొత్త కుండలోంచి నీళ్ళు వంచినట్టుంటుంది. చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులూ, బండి తప్పిపోతుందేమోనని బెంబేలెత్తే ముసలివాళ్ళూ ఆ గొంతు వినగానే కాస్త కుదుటపడతారని స్టేషన్లో చెప్పుకుంటారు. మా వీధిలో ఆయన్ని మైకుగారనే పిలుస్తారు. నేను మైకుగారావిణ్ణి. ఆయన ప్రాణం ఆ మైకులో ఉంది, చిలకలో మాంత్రికుడి ప్రాణం ఉన్నట్టు.

చిక్కల్లా ఆ గొంతుకి రెండు జానల కింద ఉన్న పొట్టతో.

ఆయన భోజనం బండికీ బండికీ మధ్య జరుగుతుంది. కదిలే బండిలోకి జనం ఎగబడ్డట్టు ముద్దలు నోట్లోకి ఎగబడతాయి. నమలడానికి టైము ఉండదు. కూరలో పచ్చగా కనిపించింది ఏదైనా సరే కంచం అంచుకి నెట్టేస్తారు. "ఆకులు పశువులు తింటాయోయ్. నేను ప్రభుత్వోద్యోగిని," అంటారు. తర్వాత ప్లాట్‌ఫారం మీద అమ్మే నూనె సరుకేదో తింటారు. దాన్ని అణచడానికి సోడా తాగుతారు. సోడాకి పెద్ద త్రేన్పొస్తుంది. త్రేన్పొచ్చింది కాబట్టి అరిగిపోయినట్టే. ఇదీ ఆయన వైద్యశాస్త్రం. పొద్దున్న పేపరు పట్టుకుని బాత్రూములోకి వెళ్తే ఆ బండి ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పగల అనౌన్సరు ఈ లోకంలో లేడు. లోపల్నించి నిట్టూర్పులు వినిపిస్తాయి. బయట నేనూ అత్తగారూ చెంబులు పట్టుకుని వెయిటింగ్ రూములో ప్రయాణికుల్లా నిలబడి ఉంటాం.

ఇదంతా ఇంటి గుట్టుగా సాగిపోయేదే. కానీ ఒక మధ్యాహ్నం, స్టేషన్ కిటకిటలాడుతున్న వేళ, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి, మూడో నంబరు ప్లాట్‌ఫారం దాకా వచ్చి, ఆయన త్రేన్చారు. మామూలు త్రేన్పు కాదు. సోడా, నూనె సరుకు, నమలని ముద్దలు, అన్నీ కలిసి స్పీకర్లన్నిట్లోంచీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. స్టేషన్ పక్క వీధే మాది. మేడ మీద బట్టలారేస్తున్న నాకూ వినిపించింది. ఏదో గూడ్సు బండి అనుకున్నాను.

జనం నవ్వారట. పిల్లలైతే మళ్ళీ వేయమని అరిచారట.

స్టేషన్ మాస్టరు ఆయన్ని పిలిచి చెప్పాడు. ఇది మొదటిసారి కాదనీ, చిన్నాచితకా త్రేన్పులు ఇంతకుముందే పైవాళ్ళ చెవిన పడ్డాయనీ, త్వరలో పై ఆఫీసు నించి ఒకావిడ స్వయంగా వినడానికి వస్తుందనీ. ఆవిడ విన్న రోజున మళ్ళీ ఇలాంటిది జరిగితే మైకు తీసేసి, రికార్డు చేసిన గొంతు పెట్టేస్తారు. మా ఆయన్ని పార్సిల్ ఆఫీసుకి పంపిస్తారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా, గుమ్మంలోనే కూర్చున్నారు.

"పార్సిళ్ళతో ఏం మాట్లాడతాను?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు నేను.

*

డాక్టరమ్మ మా ఆయన కంటే బాగా చిన్నది. అందుకని ఆవిడ మాట సగమే చెవికెక్కించుకోవాలని ఆయన ముందే నిర్ణయించుకున్నారు.

"పీచు పదార్థం బొత్తిగా తినట్లేదు మీరు. ఆకుకూరలు, చిక్కుళ్ళు, బఠాణీలు, పళ్ళు. బాగా నమలాలి. నీళ్ళు తాగాలి, సోడా మానాలి. కాస్త ఒళ్ళు కదలాలి," అందావిడ. నా వైపు తిరిగి, "మేడ ఉందా మీకు? నాలుగు మొక్కలు పెట్టుకోండి. కళ్ళెదురుగా పెరిగింది తినబుద్ధవుతుంది," అంది.

బయటికొచ్చాక "ఏమన్నారండీ?" అని అడిగాను, ఆయన చెవికి ఎంత ఎక్కిందో చూద్దామని.

"టెన్షన్ తగ్గించుకోమంది," అన్నారాయన.

మర్నాటి నుంచి నేను తోటమాలినయ్యాను. పగిలిన బకెట్లు, ఖాళీ రంగు డబ్బాలు, చక్రాలూడిన సూట్‌కేసు, అటక మీది పాత స్నానాల తొట్టి, అన్నిటికీ అడుగున చిల్లులు పొడిచి మట్టి నింపాను. కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను నేను. ఆకు అడ్డకోత బొమ్మ కళ్ళు మూసుకుని వేయగలను. పాలకూర విత్తనం ఎంత లోతులో వెయ్యాలో మాత్రం అందులో లేదు. అత్తగారు వేలితో గుంట చేసి చూపించారు. వంటింటి తొక్కలన్నీ ఒక డ్రమ్ములో కుళ్ళబెట్టి ఎరువు చేసే పని కూడా ఆవిడే తీసుకున్నారు. పాలకూర, తోటకూర, పుదీనా, టమాటా, క్యారెట్లు. గోడ వారన తాళ్ళు కట్టి బఠాణీ తీగలు.

ఆయన ఒకసారి పైకొచ్చి, నడుం మీద చేతులేసుకుని చూశారు.

"పెరటి చెట్టు మందుకి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా?" అన్నారు.

"ఇది పెరడు కాదుగా, మేడ," అన్నారు అత్తగారు.

ఆకుకూరలు త్వరగానే చేతికొచ్చాయి. ఇక్కడే మొదటి గందరగోళం. ఆయన చూస్తే తినరు కాబట్టి, నేను పాలకూరని మెత్తగా రుబ్బి సూపులో కలిపేదాన్ని. అత్తగారికి చెప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ తోటకూరని సన్నగా తరిగి రొట్టెల పిండిలో కలిపేవారు. నాకు చెప్పలేదు. కారణం అదేనట, నా నోటి గురించి.

"ఇదేంటి, రొట్టె పచ్చగా ఉంది?" అన్నారాయన.

"లైటు మార్చామురా," అన్నారు అత్తగారు.

రెండు వైపుల నుంచీ ఆకు లోపలికి పడుతోందని మాకిద్దరికీ తెలియదు. పొట్టకి తెలిసింది. వారం తిరక్కుండానే ఆయన కడుపు డోలులా ఉబ్బింది. ఉరుములు ఉరిమాయి. ఆయన మైకు ముందు పెదవులు బిగబట్టి, ఊపిరి లెక్కపెట్టుకుంటూ మాట్లాడుతున్నారట. నాకేమీ పాలుపోలేదు. మంచి చేస్తుందన్న ఆకు చెడు చేస్తుందేమిటి? ఆవిడ డాక్టరా, నేను చదివింది చదువా?

అత్తాకోడళ్ళం ఒకరి గుట్టు ఒకరు డాక్టరమ్మ ముందే విప్పుకోవాల్సొచ్చింది. ఆవిడ తల పట్టుకుంది.

"ఎన్నేళ్ళుగానో పీచు ఎరగని పొట్టలో ఒక్కసారి అంత పోస్తే తిరగబడదా? దాన్ని అరిగించే సూక్ష్మజీవులు లోపలుంటాయి. వాటికి అలవాటవ్వాలిగా. కొంచెంతో మొదలెట్టి మెల్లగా పెంచండి. నీళ్ళు తప్పనిసరి."

"బండైనా స్టేషన్లోంచి ఒక్కసారి స్పీడందుకోదు," అన్నారు మా ఆయన, ఆ సలహా తనే ఇచ్చినట్టు.

*

ఆ తర్వాత దొంగ వంటలు మానేశాను. లంచ్ బాక్సు మూలన గుప్పెడంటే గుప్పెడు ఆకుకూర, వేరే చిన్న డబ్బాలో, దాపరికం లేకుండా పెట్టి పంపేదాన్ని. డబ్బా తళతళలాడుతూ తిరిగొచ్చేది. నేను ఆశ్చర్యపోయి, ఏమీ అనకుండా ఊరుకున్నాను. అంటే ఎక్కడ మానేస్తారోనని.

పొట్ట తగ్గింది. త్రేన్పులు పల్చబడ్డాయి. బాత్రూము బండి టైముకి బయల్దేరడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆయన పేపరు మొదటి పేజీ అయినా చదవకుండానే బయటికొచ్చేసరికి, అత్తగారు కంగారుపడి "ఏరా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు.

"పొడి," అన్నారాయన, బీరువా పైన తనే ఎప్పుడో కొనితెచ్చి పెట్టిన జీర్ణశక్తి పొడి డబ్బా చూపించి. "నే చెప్పలేదూ? రోజూ ఒక చెంచా. మీ ఆకులూ అలములూ కాదు."

పోనీలే, పొడి అనుకుంటేనేం, ఆకు లోపలికి పోతోంది కదా అనుకున్నాను. తర్వాత బీరువా దుమ్ము దులుపుతూ ఆ డబ్బా చేతిలోకి తీసుకున్నాను. మూతకి వేసిన సీలు వేసినట్టే ఉంది. డబ్బా తిప్పి చూశాను, కింద కూడా చిల్లేమీ లేదు.

ఆ అయోమయంలో ఉండగానే, టికెట్ల కౌంటరులో పనిచేసే ఆవిడ మా ఇంటికొచ్చింది. వస్తూనే నా రెండు చేతులూ పట్టుకుంది.

"వదినా, మీ చేతి పాలకూర మహిమేమోగానీ, నా పొట్ట దూదిపింజలా ఉందనుకోండి! పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే ఉద్యోగమాయె, ఎన్ని మందులు మింగానో. అన్నయ్యగారు రోజూ ఆ చిన్న డబ్బా తెచ్చి నాకిచ్చి, 'మా ఆవిడ నీ కోసమే పంపింది' అంటారు. ఇంత అభిమానం ఎక్కడైనా ఉంటుందా? కాసిని విత్తనాలుంటే ఇవ్వండి."

"నా కోసమే పంపింది అన్నారా?" అన్నాను.

"అవునండీ. డబ్బా కడిగి మరీ ఇస్తాను రోజూ."

అదీ తళతళల రహస్యం. ఆవిడకి కాఫీ ఇచ్చాను, విత్తనాలిచ్చాను, నవ్వుతూ పంపించాను. వెళ్తూ గుమ్మంలో ఆగి, "అన్నయ్యగారు ఇప్పుడు సోడా ముట్టట్లేదు చూశారా? జేబులోంచి ఏదో తీసుకుని, తీరిగ్గా నములుతూ ఉంటారు. అడిగితే గొంతుకి మందంటారు," అంది.

తలుపేసి అక్కడే నిలబడ్డాను. పొడి తినలేదు. ఆకు తినలేదు. పొట్ట మాత్రం బాగుపడింది. ఆకు తిన్నదెవరంటే టికెట్ల ఆవిడ. మరి ఈయనకి తగ్గిందేమిటి? ఒకరు మందు తింటే ఇంకొకరికి నయమయ్యే శాస్త్రం నేను చదివిన పుస్తకాల్లో లేదు.

"నేను రోజూ వాడి పొట్ట గురించే ఆలోచిస్తున్నా కదమ్మాయ్, అదే పనిచేసి ఉంటుంది," అన్నారు అత్తగారు.

*

ఇంతలో మేడ మీద దొంగలు పడ్డారు.

బఠాణీ కాయలు గింజ పట్టాయి, రేపు కోద్దాం అనుకున్న తీగ తెల్లారేసరికి బోసిగా ఉండేది. టమాటాలు అరమగ్గినవి ఉండేవి, పూర్తిగా మగ్గినవి మాయమయ్యేవి. పుదీనా చిగుళ్ళు ఎవరో గిల్లినట్టుండేవి. క్యారెట్లయితే, ఆకు మాత్రం మట్టిలో గుచ్చి ఉండేది, లాగితే కింద దుంప ఉండేది కాదు. పిట్టలా? పిట్టలు క్యారెట్ ఆకుని తిరిగి గుచ్చుతాయా? ఎలుకలా? మగ్గిందేదో మగ్గనిదేదో ఎలుకకి అంత పట్టింపా?

అత్తగారి మీద అనుమానం పుట్టింది నాకు. ఆవిడకి నా మీద.

"బఠాణీలు పచ్చివి తింటే తియ్యగా ఉంటాయటగా అత్తయ్యా?" అన్నాను ఒకరోజు, యథాలాపంగా.

"నాకెలా తెలుస్తుందమ్మా, నాకు పళ్ళెక్కడివి? పళ్ళున్నవాళ్ళని అడుగు," అన్నారావిడ, నా నోటి వంకే చూస్తూ.

ఆయన పక్కనే కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నారు. "నన్నెందుకు చూస్తారు? నేను మేడ ఎక్కి ఎన్నాళ్ళయిందో!" అన్నారు. ఆయన్ని ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటారే, అది నా ముందే జరిగింది. అయినా నాకు తట్టలేదు. ఆకుని చూస్తేనే ఆమడ దూరం పారిపోయే మనిషిని ఎలా అనుమానిస్తాం?

తీగల మీద వల కప్పాను. ఒక కర్రకి అడ్డకర్ర కట్టి, ఆయన పాత యూనిఫాం చొక్కా తొడిగి, టోపీ పెట్టి దిష్టిబొమ్మలా నిలబెట్టాను. పిచ్చుకలు దాని భుజాల మీద వాలాయి. దొంగతనం ఆగలేదు.

ఒక తెల్లవారుజామున మేడ మీద చప్పుడైంది. ఏదో పెనుగులాడుతున్న చప్పుడు. నేను చీపురు తీసుకున్నాను. అత్తగారు నా వెనకాలే, చేతికర్ర ఎత్తిపట్టుకుని, మెట్టుకో ఆయాసంతో ఎక్కారు.

తలుపు తీస్తే మసక వెలుతురులో ఇద్దరు యూనిఫాం మనుషులున్నారు. ఒకడు కదలట్లేదు. రెండోవాడు వలలో చిక్కుకుని, చొక్కా గుండీకి దారం పట్టేసి, వంగి, గొంతుక్కూర్చుని, నములుతున్నాడు. ఒక్క క్షణం ఏది బొమ్మో ఏది మొగుడో పోల్చుకోలేకపోయాను.

"ఒరేయ్!" అన్నారు అత్తగారు.

నమలడం ఆగింది.

"పురుగులు ఏరుతున్నా," అన్నారాయన, నోరు తెరవకుండా.

"ఏరి ఎక్కడ వేస్తున్నావురా, నోట్లోనా?"

ఆయన మింగారు. నెమ్మదిగా, బాగా నమిలి, డాక్టరమ్మ చూస్తే మెచ్చుకునేలా మింగారు. డ్యూటీకని తొడుక్కున్న చొక్కా రెండు జేబులూ బఠాణీ కాయలతో ఉబ్బి ఉన్నాయి. ఒకదాంట్లోంచి క్యారెట్ తోక బయటికి కనిపిస్తోంది.

"ఏమండీ, ఆకులు పశువులు తింటాయన్నారు?" అన్నాను.

"ఇవి ఆకులు కాదు, కాయలు. ఒక్కటి నోట్లో వేసుకున్నా. పాడయ్యాయేమోనని, శాంపిల్."

"మేపుకి అలవాటుపడ్డ మేక కూడా శాంపిలే అంటుంది," అన్నారు అత్తగారు. నేనింక ఆపుకోలేకపోయాను. చీపురు పట్టుకుని గోడకి జారగిలబడి నవ్వాను. అత్తగారు కర్ర పక్కన పడేసి మరీ నవ్వారు. పక్క మేడ మీద ఎవరో కిటికీ తెరిచారు.

ఆయన వల చింపుకుని లేచారు. టోపీ సరిచేసుకున్నారు. ఆ గాంభీర్యం చూసి తీరాలి.

"ఈ మేడ ఇంకోసారి ఎక్కితే అడగండి. బోడి బఠాణీలు!" అని, జేబుల్లోవన్నీ తీసి తొట్టిలో పోసేసి, దిగి వెళ్ళిపోయారు.

*

మేం నవ్వుకున్నాం. తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వు ఖరీదు తర్వాత తెలిసింది.

ఆయన మాట మీద నిలబడ్డారు. తప్పు మాటల మీద అయితే మరీ గట్టిగా నిలబడతారు. మేడ ఎక్కలేదు. పొద్దున్న లేవడం ఆలస్యమైంది. ముద్దలు మళ్ళీ ఎగబడ్డాయి. సోడా సీసాలు మళ్ళీ వచ్చాయి. పొడి డబ్బా సీలు ఈసారి నిజంగానే విప్పారు, పాపం, ఫలితం లేదు. బాత్రూము ముందు నేనూ అత్తగారూ మళ్ళీ చెంబులతో నిలబడ్డాం.

సరిగ్గా అప్పుడే స్టేషన్ మాస్టరు కబురు చెప్పాడు. పై ఆఫీసు ఆవిడ రాబోతోంది. ఎప్పుడన్నది చెప్పరు. మామూలు ప్రయాణికురాలిలా ప్లాట్‌ఫారం మీద కూర్చుని వింటుంది.

ఆయన భోజనం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నారు. పార్సిల్ ఆఫీసు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడానికే నాకు భయమేసింది. నేను డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"ఇంతకీ ఆయనకి తగ్గించిందేదండీ? బఠాణీలా, క్యారెట్లా, పుదీనానా?" అని అడిగాను.

"బఠాణీల్లో, క్యారెట్లలో పీచుంది. పచ్చి కాయ గబగబా మింగలేరు, నమలాల్సిందే. రోజూ మెట్లెక్కారు, గొంతుక్కూర్చున్నారు. దాహమేస్తే నీళ్ళు తాగి ఉంటారు. నమిలేది జేబులో ఉంది కాబట్టి సోడా జోలికి పోలేదు."

"అందులో మందు ఏది మరి?"

"అదొకటీ ఇదొకటీ అని విడదీయలేనమ్మా. అన్నీ కలిసి."

మందు పేరు చెప్పలేని డాక్టర్ని నేనెక్కడా చూడలేదు. ఇంకా అయోమయంగా లేవబోతుంటే, "ఆయన్ని మళ్ళీ మేడెక్కించండి. కడుక్కుని తినమనండి. మట్టితో తింటే లేని జబ్బు వస్తుంది," అందావిడ.

ఎక్కించడం ఎలా? బతిమాలితే ఇంకా బిగుసుకుంటారు. ఆ సాయంత్రం వల పూర్తిగా విప్పేశాను. దిష్టిబొమ్మ చొక్కా ఉతికి మడతపెట్టాను. బఠాణీ తీగల పక్కన ఒక పీట వేశాను. పీట పక్కన బేసిన్ నిండా మంచినీళ్ళు, అందులో చిల్లుల గిన్నె ఒకటి, పైన పళ్ళెం మూత. తాగడానికి ఒక సీసా. కిందికొచ్చి, పేపరు వెనకాల ఉన్న మనిషికి వినబడేలా అన్నాను.

"అత్తయ్యా, రేపటినించి మనం కాస్త పొద్దెక్కాక లేద్దామా? మేడ మీదికి ఎవరు వెళ్తారు అంత పొద్దున్నే!"

"నిజమేనమ్మా, నా మోకాళ్ళు కూడా ఒప్పుకోవట్లేదు," అన్నారావిడ. జన్మలో నాకు తాళం వెయ్యని మనిషి ఆ పూట వేశారు.

పేపరు కదల్లేదు.

తెల్లవారుజామున మెట్ల మీద అడుగులు వినిపించాయి. పిల్లిలా, కానీ బరువైన పిల్లిలా. నేను దుప్పటి ముసుగు తీయలేదు. పక్క గదిలో అత్తగారి దగ్గు మొదలై, మధ్యలో నొక్కుకుపోయింది.

పొద్దెక్కాక పైకి వెళ్ళి చూస్తే బేసిన్ నీళ్ళలో నాలుగు బఠాణీ తొక్కలు తేలుతున్నాయి. ఆయనకి నేను చూశానని తెలుసు. ఆయన తిన్నారని నాకు తెలుసు. కాఫీ ఇస్తే తీసుకున్నారు. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

*

ఆ రోజు నేనూ అత్తగారూ మేడ మీదే ఉన్నాం, తోటకూరకి నీళ్ళు పోస్తూ. ఎక్కడో లైను చెడిందట, బళ్ళన్నీ ఆలస్యం. ప్లాట్‌ఫారాలు మారుతున్నాయి. స్టేషన్ వైపు నించి జనం గోల గాల్లో తేలి వస్తోంది. ఆ గోల మీంచి ఆయన గొంతు లేచింది. ఒక బండి, దాని వెనక ఇంకో బండి, ఇక్కడిది అక్కడికి, అక్కడిది ఇక్కడికి. ఎన్నడూ ఇంత పొడుగు ప్రకటన వినలేదు మేము.

మధ్యలో గొంతు ఆగింది.

నా చేతిలో నీళ్ళ డబ్బా వంగినట్టే ఉంది, నీళ్ళు నా కాళ్ళ మీద పడుతున్నాయి. అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"మింగేస్తున్నాడా, తన్నుకొస్తోందా?" అన్నారు గుసగుసగా.

తెలియలేదు. స్పీకర్లలో చిన్న శబ్దం, గాలి శబ్దం. తర్వాత కొత్త కుండలోంచి నీళ్ళు వంచినట్టు, "ప్రయాణికులు ఆందోళన చెందవలసిన అవసరం లేదు," అని గొంతు మళ్ళీ మొదలైంది. చివరి దాకా, ఒక్క మెలిక లేకుండా. స్టేషన్ గోల నెమ్మదిగా తగ్గింది.

సాయంత్రం ఆయన టైముకే వచ్చారు. చెప్పులు విప్పి, వరసలో పెట్టి, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు.

"ఆవిడ ఇవాళే వచ్చిందట," అన్నారు. "మైకు నాకే ఉంచారు."

"మధ్యలో ఆగారేం?" అన్నాను.

"బఠాణీ గింజ. పంటి కింద ఇరుక్కుంది."

అత్తగారు గట్టిగా ఊపిరి వదిలారు. ఆయన మాత్రం సంతోషంగా లేరు. కంచంలో నేను వడ్డించిన పాలకూర వైపు చూస్తున్నారు.

"ఆవిడ నా గదికొచ్చింది. గొంతు బాగుందంది. పొట్ట సంగతి ఎలా కుదిరిందని అడిగింది. ఆవిడకీ అదే అవస్థట, ఊళ్ళు తిరిగే ఉద్యోగం కదా. నేను పొడి పేరు చెప్పాను."

"చెప్పారా!"

"చెప్పాను. ఆవిడ వెంటనే ఫోన్ తీసి ఎక్కడ దొరుకుతుందో వెతకడం మొదలెట్టింది. నా ఎదుటే. ఏం చెయ్యను? ఆ పొడి వద్దండీ, మా ఇంటి మేడ మీద తోటుంది, అక్కడివి తింటాను, అని చెప్పేశాను."

"పైవాళ్ళకి చెప్పావు సరే," అన్నారు అత్తగారు, కర్ర బల్లకి ఆనించి. "ఇంట్లోవాళ్ళకి?"

ఆయన మంచినీళ్ళు తాగారు. గొంతు సవరించుకున్నారు. మైకు గొంతు పెట్టారు. "ఇంటివారికి విజ్ఞప్తి. గత కొంతకాలంగా సాంకేతిక కారణాల వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"ఏం కారణంరా? ఇంజనా, సిగ్నలా?"

ఆయన నా వైపు చూశారు. నేను సాయం చెయ్యలేదు. గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఆయన పాలకూర ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుని, నమిలి, నమిలి, మింగారు. తర్వాత వచ్చిన గొంతు స్టేషన్లో ఎవరూ విని ఉండరు. కాస్త బొంగురుగా, కాస్త పక్కకి జరిగినట్టుగా ఉంది.

"కారణం నేనే. ఆకులు పశువులకన్నాను, తోట మందుకి పనికిరాదన్నాను, తిని కూడా తినలేదన్నాను. నాదే తప్పు," అన్నారు. ఇంకో ముద్ద కలుపుతూ, "ఆ నీళ్ళ జగ్గు కూడా నేనే పెట్టాను," అన్నారు.